వాయిదా తప్పింది, వారెంటు వచ్చింది: జైలు దాకా పోకుండా ఏం చేయాలి

ఈ వారంలో ఇది నాలుగో ఫోను. "ఏవండీ, మా తమ్ముడి మీద వారెంటు ఉందంటున్నారు, కొన్నాళ్ళు హైదరాబాదు పంపించేయమంటారా?" వద్దండీ బాబూ, పంపించకండి. ఎందుకు వద్దో, దానికి బదులు ఏం చేయాలో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది, అందుకే ఒక్కచోట రాసేస్తున్నాను.

నేను ప్లీడరుని కాను. కోనసీమ కోర్టుల్లో 22 ఏళ్ళు ప్లీడరు గుమస్తాగా తిరిగినవాణ్ణి. బెయిలు మీద బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళలో కొత్తగా ఏదో నేరం చేసి వెళ్ళినవాళ్ళు తక్కువ. వాయిదాకి రాలేదు, స్టేషన్లో సంతకం పెట్టలేదు, ఇల్లు మారి చెప్పలేదు, ఇవే ఎక్కువ. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ స్టేట్ గవర్నమెంట్స్ జస్టిస్ సెంటర్ 2019లో లెక్క తీస్తే, అక్కడి రాష్ట్ర జైళ్ళలోకి వెళ్తున్నవాళ్ళలో 45 శాతం ప్రొబేషనో పెరోలో తప్పినవాళ్ళేనని తేలింది. అందులో కొత్త నేరం చేసినవాళ్ళూ ఉన్నారు, ఆఫీసరుని కలవాల్సిన రోజు కలవనివాళ్ళూ ఉన్నారు.

మన దగ్గర సాధారణంగా మూడు రకాల కాగితాలు ఉంటాయి. ఒకటి బెయిలు బాండు, అంటే కేసు ఇంకా నడుస్తోంది. రెండోది గొడవలు చేయనని తహసీల్దారు దగ్గర రాసిచ్చిన బైండోవరు. మూడోది ప్రొబేషను, అంటే తప్పు రుజువైనా జైలుకు పంపకుండా మంచి నడవడి మీద వదిలిపెట్టడం. మీది ఏదో ముందు తెలుసుకోండి. బెయిలు కేసులే ఎక్కువ కాబట్టి కింద రాసింది చాలావరకు వాటి గురించే, మిగతా రెండింటికీ చివర్లో విడిగా రాశాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు (ఎఫ్ఐఆర్ నంబరు అంటారే, అదే), ఏ సంవత్సరం. కేసు కోర్టులో నంబరైతే సీసీ నంబరు, అంటే కోర్టు ఇచ్చిన కేసు నంబరు కూడా.
- సీఎన్ఆర్ నంబరు, అంటే ఒక్కో కేసుకి కోర్టు రికార్డులో ఉండే ప్రత్యేక నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. ఇది ఒక్కటి ఉంటే మిగతావన్నీ వెతుక్కోవచ్చు.
- బెయిలు ఆర్డరు కాపీ. "ప్లీడరుగారి దగ్గర ఉంది" అంటే కుదరదు, మీ ఇంట్లో ఒకటి ఉండాలి.
- ప్లీడరుగారి నంబరు, గుమస్తా నంబరు. నిజం చెప్పాలంటే గుమస్తా నంబరే ఎక్కువ పనికొస్తుంది.
- జామీనుదారుల నంబర్లు.
- ఒక 20 రూపాయల నోటుబుక్కు. ఇదెందుకో అయిదో మెట్టులో చెప్తాను.

1. ఆర్డరు మొత్తం చదివించుకోండి

ఆర్డరు ఇంగ్లీషులో ఉంటుంది, మనవాళ్ళు "బెయిలొచ్చింది" అన్న ఒక్క మాట విని ఇంటికి వచ్చేస్తారు. షరతులన్నీ కింద పేరాలో ఉంటాయి. కూర్చోబెట్టి చదివించుకుని ఈ నాలుగూ తెలుగులో రాసుకోండి: ఏ స్టేషన్లో, ఏ వారం, ఎన్ని గంటల మధ్య సంతకం, ఎప్పటివరకు, ఊరో జిల్లానో దాటకూడదని ఉందా, పాస్‌పోర్టు అప్పగించమని ఉందా.

"ఎప్పటివరకు" అన్నచోట చాలామంది బోల్తా పడతారు. "ఛార్జిషీటు వేసేవరకు" అని ఉంటే, ఛార్జిషీటు పడిందని ఎవరో టీకొట్టు దగ్గర చెప్పిన మాట నమ్మి సంతకాలు ఆపేయకండి. కోర్టులో పడిందో లేదో గుమస్తాతో కనుక్కుని అప్పుడు ఆపండి.

2. కేసు పోయిందనుకోకండి, నంబరు మారింది అంతే

ఎక్కువ వారెంట్లు పుట్టేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీకు బెయిలు వచ్చినప్పుడు కేసు క్రైమ్ నంబరు మీద ఉంటుంది. ఆ తర్వాత ఆరు నెలలో, ఏడాదో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో ఏ కబురూ ఉండదు. మీరు కేసు కొట్టేశారనుకుంటారు. మధ్యలో మీరు పని మీద వేరే ఊరు వెళ్తారు, ఏ భీమవరం పక్కన చెరువుల మీద కాపలాకో, తాడేపల్లిగూడెంలో ఏ మిల్లుకో. ఈలోగా పోలీసులు ఛార్జిషీటు వేస్తారు, కోర్టు దానికి సీసీ నంబరు ఇస్తుంది, పాత అడ్రసుకి సమన్లు వెళ్తాయి. ఇంటికి తాళం. సమన్లు తిరిగొస్తాయి. ఇలా ఒకటి రెండు వాయిదాలయ్యాక నాన్ బెయిలబుల్ వారెంటు పడుతుంది. మీకు మాత్రం అన్నీ బాగానే ఉన్నట్టుంటుంది, ఒకరోజు తెల్లవారుజామున కానిస్టేబుల్ తలుపు కొట్టేదాకా.

దీనికి మందు ఏమిటంటే, నెలకి ఒకసారి, ఏ ఒకటో తారీఖునో, ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ తెరిచి చూడటం. సీఎన్ఆర్ ఉంటే దాంతో, లేకపోతే ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్ పేరుతో వెతకొచ్చు. ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కానీ యాప్‌లో అమలాపురం, రాజోలు కేసులు కోనసీమ పేరు మీద దొరకవు, పాత తూర్పు గోదావరి కిందే వెతకాలి. అలాగే నరసాపురం, పాలకొల్లు కేసులు పశ్చిమ గోదావరి కింద. కనపడలేదు కదా అని కేసు లేదనుకోకండి, మీ పేరు ఇంగ్లీషులో వాళ్ళు ఎలా కొట్టారో ఎవరికి తెలుసు, రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి.

ఫోను చూడటం రానివాళ్ళు ఇంట్లో చదువుకునే పిల్లల చేత చూపించుకోండి, లేదా కోర్టుకే వెళ్ళి అడగండి. ఇల్లు మారితే, ఫోను నంబరు మారితే ప్లీడరుగారికి చెప్పి కోర్టులో మెమో వేయించండి. స్టేషన్లో కూడా కాగితం ఇచ్చి, ముట్టినట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకోండి.

3. వాయిదా రోజు

కోర్టు పదిన్నరకి బెంచి మీదికి వస్తుంది, ముందు కాల్ వర్కు, అంటే కేసులన్నీ పిలుస్తారు. మీరు పదింటికే హాలు బయట ఉండాలి. లంకల్లోంచి వచ్చేవాళ్ళు పడవ, ఆటో, బస్సు లెక్కలు వేసుకుని ఒక గంట ఎక్కువే పెట్టుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వచ్చేవాళ్ళకి కొత్తగా చెప్పేదేముంది, పంటు మన టైముకి కదలదు.

పేరు పిలిచినప్పుడు మీరు బయట టిఫిన్ తింటుంటే గైర్హాజరు పడుతుంది. తిరిగొచ్చాక కంగారు పడి ఇంటికి వెళ్ళిపోకండి. వెంటనే ప్లీడరుగారిని పట్టుకుని, కోర్టు ఇంకా నడుస్తుండగానే మళ్ళీ పిలిపించమనండి. మధ్యాహ్నం లోపు కనపడితే చాలాసార్లు అక్కడికక్కడే సర్దుకుంటుంది. అదే మర్నాడు వెళ్తే పిటిషను, ఖర్చు, టెన్షను అన్నీ మొదలు.

మేజిస్ట్రేటు సెలవులో ఉన్నారన్నా, ప్లీడర్లు బాయ్‌కాట్ చేస్తున్నారన్నా ఇంటి దగ్గర కూర్చోకండి. వెళ్ళి, బెంచి క్లర్కు చెప్పిన తర్వాతి తారీఖు మీ కళ్ళముందే నోటుబుక్కులో రాసుకుని రండి.

ఇంకో మాట, కొంచెం మొహమాటమైనదే. ఫీజు బాకీ ఉండి ప్లీడరుగారి మొహం చూడలేక వాయిదాకి మానేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫీజు లేకపోయినా వాయిదాకి వెళ్ళండి. ప్లీడరు రాకపోయినా, పిలిస్తే మీరే చేయెత్తి "హాజరండి" అంటే సరిపోతుంది, వారెంటు పడదు. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, జైల్లో ఉన్నవాళ్ళకి, దివ్యాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. మిగతా పేదవాళ్ళకి ఆదాయ పరిమితి ఉంటుంది. మీ కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ గది ఉంటుంది, లేదా 15100కి ఫోను చేయండి.

4. వెళ్ళలేకపోతే, ముందురోజే చెప్పండి

జ్వరం, చావు, కాన్పు, వరద, ఇవన్నీ కోర్టుకీ తెలుసు. తెలియంది మీకు ఏమైందో. మీ తరఫున ఆబ్సెంట్ పిటిషను పడితే ఆ రోజుకి మీ హాజరు మినహాయిస్తారు. పాతకాలం మనుషులు దీన్ని 317 పిటిషను అంటారు, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహితలో 355. పేరేదైనా పని ఒకటే.

ముందురోజు సాయంత్రం ఆరు లోపు గుమస్తాకి ఫోను చేసి, కారణం ఒక్క వాక్యంలో చెప్పి, దాని కాగితం ఫొటో పంపండి. ఆసుపత్రి చీటీ, కర్మకాండల కార్డు, ఏదైతే అది. ఉత్త జ్వరం అని ప్రతిసారీ వేస్తే నాలుగోసారికి కోర్టు నమ్మదు, వరసగా మూడు వాయిదాలు పిటిషన్ల మీద లాగకండి.

వరదల సంగతి మనకి ప్రత్యేకం. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకి రెండో హెచ్చరిక, 17.75కి మూడో హెచ్చరిక ఇస్తారు కదా, రెండోది వచ్చిందంటే మీ లంక దారి మునుగుతుందో లేదో మీకు ముందే తెలుసు. ఆ రోజే ఫోను చేసేయండి, చార్జింగు ఉండగానే. ఆ మర్నాటి పేపరు కటింగు దాచండి, నీళ్ళు తీశాక వీఆర్వో దగ్గరో సచివాలయంలోనో ఊరు మునిగిందని కాగితం తీసుకోండి. 2022 జూలై వరదల్లో మా ప్లీడరుగారి కక్షిదారు ఒకాయన వాయిదా తప్పాడు, వారెంటు పడింది. నీళ్ళు వారం పది రోజుల్లో తీశాయి, ఆయన మాత్రం భయపడి సంక్రాంతి దాకా చుట్టాల ఇళ్ళలో తిరిగాడు. చివరికి తీసుకెళ్ళి నిలబెడితే, వరద కాగితాలు చూసి ఆ పూటే వారెంటు రీకాల్ చేశారు, అంటే వెనక్కి తీసుకున్నారు, కాకపోతే "వరద అప్పుడే తగ్గిపోయింది కదా, ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అని అడిగితే మా దగ్గర జవాబు లేక కొంచెం ఖర్చులు కట్టాల్సి వచ్చింది.

దూరంలో పనిచేసేవాళ్ళకి, ముసలివాళ్ళకి, మంచంలో ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. ప్రతి వాయిదాకీ రానక్కర్లేకుండా, అవసరమైనప్పుడే వచ్చేలా కోర్టుని అడగొచ్చు, అది అదే సురక్షా సంహితలో 228 కింద. అందరికీ ఇవ్వరు, కేసుని బట్టి ఉంటుంది. అడగకపోతే మాత్రం ఎలాగూ రాదు.

5. స్టేషన్ సంతకం: మీ రుజువు మీ దగ్గర ఉండాలి

"ఆదివారం పది నుంచి పన్నెండు మధ్య" అని ఉంటుంది. మీరు వెళ్తారు, ఎస్సైగారు బందోబస్తుకి వెళ్ళారంటారు, రైటరు, అంటే స్టేషన్లో రికార్డులు రాసే ఆయన, రికార్డు లోపల ఉందంటారు, "రేపు రా" అంటారు. రేపు వెళ్తే అది ఆదివారం కాదు. నాలుగు నెలల తర్వాత బెయిలు రద్దు పిటిషనులో "ముద్దాయి ఫలానా తేదీల్లో సంతకం చేయలేదు" అని వస్తుంది.

అందుకే ఆ నోటుబుక్కు. ప్రతివారం తారీఖు, టైము, అక్కడ ఎవరున్నారో రాసుకోండి. రిజిస్టరులో సంతకం పెట్టాక మీ బుక్కులో కూడా రైటరు చేత ఒక సంతకం పెట్టించుకోండి, మర్యాదగా అడిగితే పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. పెట్టకపోతే గొడవ పడకండి. సంతకం తీసుకోకుండా తిప్పి పంపితే మాత్రం సోమవారం పోస్టాఫీసుకి వెళ్ళి, "నేను నిన్న ఇన్ని గంటలకు వచ్చాను, సంతకం తీసుకోలేదు" అని నాలుగు ముక్కలు రాసి స్టేషన్ పేరు మీద రిజిస్టరు పోస్టు చేసి, రసీదు బుక్కుకి పిన్ను కొట్టుకోండి. ఆ చిన్న రసీదు తర్వాత పెద్ద వాదన కంటే బాగా పనిచేస్తుంది.

6. షరతు మోయలేకపోతే మార్పించుకోండి

సంతకం కోసం ప్రతి ఆదివారం కాకినాడ నుంచి రాజోలు రావాలంటే కూలిడబ్బులు బస్సుకే పోతాయి. మనవాళ్ళు ఏం చేస్తారంటే కొన్నాళ్ళు వచ్చి, మెల్లగా మానేస్తారు. అలా చేయకండి. బెయిలిచ్చిన కోర్టులోనే షరతు సడలించమని పిటిషను వేయొచ్చు, వారానికి బదులు నెలకో, ఆ స్టేషన్ బదులు దగ్గరి స్టేషనో. ఛార్జిషీటు పడ్డాక, అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదని చూపిస్తే ఒప్పుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆర్డరు వచ్చేదాకా పాత షరతే, గుర్తుంచుకోండి.

షరతులు ఏవైనా పెట్టేయొచ్చని కూడా అనుకోకండి. ముద్దాయి ఎక్కడున్నాడో పోలీసులు ఎప్పుడూ చూసేలా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టమనే షరతు చెల్లదని 2024 జూలైలో సుప్రీంకోర్టు ఫ్రాంక్ వైటస్ కేసులో చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో, చాలా కేసులున్న మనిషికి ప్రతి కేసుకీ కొత్త జామీనుదారులు దొరకరు కాబట్టి అవే జామీనులు మిగతా కేసులకీ సరిపోయేలా ఆదేశించింది. జామీను మొత్తం మరీ ఎక్కువైతే తగ్గించమని సెషన్స్ కోర్టుని, హైకోర్టుని అడగొచ్చు.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి: కేసు ఉండగా చెప్పకుండా కువైట్ ఎక్కేస్తే ఇక్కడ వారెంటు పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు శంషాబాదులో దిగగానే పట్టుకునే ప్రమాదం ఉంది. వారెంటు ఉంటే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునే అధికారం కూడా పాస్‌పోర్టు ఆఫీసుకి ఉంది. వీసా చేతికొచ్చాక కాదు, ఏజెంటుతో మాట మొదలైనప్పుడే కోర్టు అనుమతి పిటిషను వేయండి. టిక్కెట్టు కొనేసి వచ్చి "ఎల్లుండి ఫ్లైటండీ" అంటే దేవుడు కూడా ఏమీ చేయలేడు.

7. వారెంటు పడిపోయిందా? మీరే వెళ్ళండి

నాన్ బెయిలబుల్ అంటే ఇక బెయిలే రాదని భయపడతారు. అది కాదు దాని అర్థం. పోలీసులు స్టేషన్లో వదలకుండా కోర్టుకి తేవాలి అని. ఇచ్చిన కోర్టే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, సురక్షా సంహిత 72వ సెక్షను ప్రకారం కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా అది బతికే ఉంటుంది. ఏళ్ళు గడిస్తే దానంతట అదే చచ్చిపోదు.

ఎలా వెళ్ళాలంటే:

ముందు రోజు ప్లీడరుగారిని కలిసి రీకాల్ పిటిషను సిద్ధం చేయించండి. ఎందుకు రాలేదో నిజం రాయించండి, అబద్ధపు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి దొరికిపోతే అది ఇంకో కేసు. మేజిస్ట్రేటు సెలవులో లేరని కనుక్కోండి, ఇన్‌చార్జిగా ఉన్నవారు కొన్నిసార్లు "రెగ్యులర్ కోర్టు వచ్చాక" అనేస్తారు. మర్నాడు పదింటికల్లా మీరు, కుదిరితే పాత జామీనుదారులు ఇద్దరూ ఆధార్, ఇంటిపన్ను రసీదుతో కోర్టులో ఉండండి, కోర్టు కొత్త బాండు అడిగితే ఆ పూటే ఇచ్చేయొచ్చు. తనంతట తాను వచ్చి నిలబడ్డవాడికీ, పోలీసులు పట్టి తెచ్చినవాడికీ కోర్టు చూపులో చాలా తేడా ఉంటుంది.

ఖర్చులు వేసో, మందలించో రీకాల్ చేస్తే అదృష్టం. రిమాండుకి పంపే అవకాశమూ ఉంది, ముఖ్యంగా రెండోసారి మూడోసారి అయితే. అందుకని బెయిలు పిటిషను కూడా చేతిలో సిద్ధంగా పెట్టుకోండి, మందులు వాడేవాళ్ళు మందుల చీటీ తీసుకెళ్ళండి. ఇంకా సాగదీస్తే మాత్రం గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది: బాండు జప్తు, పరారీలో ఉన్నట్టు ప్రకటన, పైగా బెయిలు మీద ఉండి హాజరు కాకపోవడమే న్యాయ సంహిత (పాత ఐపీసీకి బదులు వచ్చిన చట్టం) 269 కింద విడిగా నేరం, ఏడాది వరకు జైలు.

ఫోనులో వాట్సాప్‌కి "మీ మీద వారెంటు ఉంది, డబ్బు పంపితే ఆపుతాం" అని వస్తే అది మోసం. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు. వారెంటుకి డబ్బు కోర్టులో రసీదు మీద తప్ప ఇంకెక్కడా కట్టరు.

8. జామీను ఉన్నవాళ్ళ సంగతి

మీరు రాకపోతే నోటీసు వెళ్ళేది మీ బావగారికో, పక్కింటాయనకో. బాండులో రాసిన మొత్తం కట్టాలి, కట్టకపోతే, వసూలూ కాకపోతే ఆరు నెలల వరకు సివిల్ జైలు ఉంది. మొత్తంలో కొంత మాఫీ చేసే అధికారం కోర్టుకి ఉంది, నోటీసు రాగానే ముద్దాయిని వెంటపెట్టుకుని వెళ్తే ఆ మాఫీకి అవకాశం ఎక్కువ. ముద్దాయి మాట వినట్లేదు, పారిపోయేలా ఉన్నాడు అనిపిస్తే జామీనుదారు తనని తప్పించమని కోర్టుకి ముందే పెట్టుకోవచ్చు. దీన్ని ద్రోహం అనుకోకండి, ఆ ఇల్లు ఆయన పిల్లలది.

కోర్టు బయట డబ్బుకి దొరికే జామీనుల జోలికి వెళ్ళకండి. కాగితాలు దొంగవని తేలితే మీ బెయిలూ పోతుంది.

9. బైండోవరు, ప్రొబేషను

బైండోవరు అనేది మన వైపు సంక్రాంతి ముందు, ఎన్నికల ముందు వరదలా వస్తుంది. కోడిపందేల బరులు వేసేవాళ్ళు, కోళ్ళకి కత్తులు కట్టేవాళ్ళు, సారా కేసులున్నవాళ్ళు, అందరినీ తహసీల్దారు ఆఫీసుకి తీసుకెళ్ళి సంతకం పెట్టిస్తారు. మనవాళ్ళు కాఫీ తాగి వచ్చినంత తేలిగ్గా పెట్టేసి వస్తారు. శాంతికి భంగం కలిగించనని బాండు రాసి, దాన్ని తప్పినట్టు రుజువైతే, ఆ బాండు గడువు ఎన్ని నెలలు మిగిలి ఉంటే అన్ని నెలలు జైల్లో పెట్టే అధికారం సురక్షా సంహిత 141వ సెక్షను కింద ఉంది. కాబట్టి బాండు కాపీ అడిగి తీసుకోండి, ఎప్పటినుంచి ఎప్పటివరకో, ఎంత మొత్తమో చూసుకోండి, ఆ గడువు ముగిసే తారీఖు గోడ క్యాలెండరు మీద గీత గీసి పెట్టుకోండి. తప్పారని నోటీసు వస్తే వెళ్ళి మీ మాట చెప్పుకునే హక్కు ఉంది, నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే ఆ అవకాశమే పోతుంది.

ప్రొబేషను 1958 చట్టం కింద ఇస్తారు. మూడేళ్ళకి మించని బాండు, ఒక్కోసారి ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణ. ఆ పర్యవేక్షణ ఉంటే కనీసం ఏడాది. ఉండే చోటు మార్చకూడదు, తాగకూడదు లాంటి షరతులు ఉండొచ్చు. పనికోసం ఊరు మారాలంటే ముందు ఆఫీసరుకి చెప్పి, 8వ సెక్షను కింద షరతు మార్పించుకోండి. తప్పితే 9వ సెక్షను: కోర్టు సమన్లో వారెంటో ఇచ్చి పిలుస్తుంది, మీ మాట వింటుంది, అసలు కేసుకి శిక్ష వేయొచ్చు, లేదా మొదటిసారి తప్పయితే 50 రూపాయలకి మించని జరిమానాతో బాండుని అలాగే కొనసాగించొచ్చు. అవును, 50 రూపాయలే, 1958 నాటి రేటు. ఆ 50 కట్టకపోతే మాత్రం మళ్ళీ అసలు శిక్షే. అందుకే మొదటిసారి పిలిచినప్పుడు తప్పకుండా వెళ్ళి, "ఇదే మొదటిసారండి, ఇదిగో కారణం" అని కాగితాలతో నిలబడండి.

తరచూ చేసే తప్పులు

వారెంటు గురించి స్టేషన్లో తెలిసినాయనతో "మాట్లాడేసుకున్నాం" అనుకోవడం అన్నిటికన్నా పెద్దది. కానిస్టేబుల్ ఆపగలిగేది ఒక వారం, రద్దు చేయగలిగేది కోర్టు ఒక్కటే. రెండోది, ప్లీడరుని మార్చి, పాతాయన దగ్గర నుంచి కాగితాలు తీసుకోకపోవడం, కొత్తాయనకి వాయిదా తెలియకపోవడం. మూడోది, ఇద్దరు ముద్దాయిలున్న కేసులో "వాడు వెళ్తున్నాడు కదా" అని రెండోవాడు మానేయడం, ఇది అన్నదమ్ముల కేసుల్లో మరీ ఎక్కువ. ఇక రాజీ అయిపోయింది కదా అని రానివాళ్ళు. పెద్దమనుషుల దగ్గర రాజీ అయినా కోర్టులో రికార్డయ్యేదాకా కేసు బతికే ఉంటుంది.

అంతా సరిగ్గా అయిందో లేదో ఎలా చూసుకోవాలి

రీకాల్ అయిందని ప్లీడరుగారు చెప్పగానే ఇంటికి రాకండి. యాప్‌లో ఆ రోజు ప్రొసీడింగ్సులో వారెంటు రీకాల్ అని పడిందా చూడండి, పడటానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. రీకాల్ సమాచారం స్టేషన్‌కి చేరిందో లేదో కోర్టు కానిస్టేబుల్ని అడగండి. చేరకపోతే పాత వారెంటు పట్టుకుని మళ్ళీ వస్తారు, ఇది నేను కళ్ళారా చూశాను, పెళ్ళిపందిట్లోంచి తీసుకెళ్ళారు. రీకాల్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, వచ్చాక ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి, కనీసం ఆర్నెల్లు.

తర్వాతి తారీఖు మూడు చోట్ల ఒకటే ఉందా చూడండి: మీ నోటుబుక్కు, గుమస్తా డైరీ, యాప్. ఏ రెండు కలవకపోయినా, రెండింటిలో ముందు వచ్చే తారీఖుకి వెళ్ళిపోండి.

ఇప్పటికే లోపల ఉంటే

బెయిలు వచ్చినా జామీనులు దొరక్క రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లోనో, సబ్‌జైల్లోనో ఉండిపోయిన మనిషి మీ ఇంట్లో ఉంటే, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు గుర్తుంచుకోండి. బెయిలిచ్చిన వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. నెలలో జామీనులు ఇవ్వలేకపోతే షరతు మార్చాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. ఇవి వాటంతట అవి జరగాలి కానీ, మీరు వెళ్ళి అడిగితే తొందరగా జరుగుతాయి. జామీను డబ్బు కట్టలేని పేద ఖైదీలకి కేంద్ర పథకం ఒకటి కూడా 2023 నుంచి ఉంది, మొదలైనప్పుడు విచారణలో ఉన్నవాళ్ళకి 40,000 వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయినవాళ్ళకి 25,000 వరకు సాయమని పెట్టారు. అన్ని రకాల కేసులకీ వర్తించదు. తూర్పు వైపు వాళ్ళు రాజమహేంద్రవరంలో, పశ్చిమ వైపు వాళ్ళు ఏలూరులో జిల్లా సంస్థ ఆఫీసుకి వెళ్ళి, ఖైదీ పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, బెయిలొచ్చిన తారీఖు రాసిన కాగితం ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని రండి. ఆ కాగితం ఇచ్చిన తారీఖు కూడా ఆ నోటుబుక్కులోనే రాసుకోండి.